సీటు పైకి జరిపాక తగ్గిన మోకాలి నొప్పి

ఇంట్లో వ్యాయామ సైకిల్ తొక్కిన ప్రతిసారీ మోకాలిచిప్ప ముందు భాగంలో నొప్పి వస్తుండడంతో, ముందుగా సీటు ఎత్తును పరిశీలించాను. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు ఆ స్థానంలో మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలే వంగుతుంది. నాకు కాలు చాచుకోవడం లేదు కనుక పిన్ను తీసి, సీటును పై రంధ్రంలోకి జరిపాను. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగితే మాత్రం మరీ ఎత్తయినట్టే. పెడల్ బిగువు కూడా తగ్గించాక నొప్పి క్రమంగా పోయింది.

ఇప్పుడు వారానికి ఐదు రోజులు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో అరగంట తొక్కుతూ, ముందూ వెనకా ఐదేసి నిమిషాలు తేలికగా తిప్పుతున్నాను. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన వారానికి కనీసం 150 నిమిషాలు అలా పూర్తవుతున్నాయి. తెరపై కనిపించే క్యాలరీల లెక్కను నేను పట్టించుకోను. గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్రలు వాడేవారికి పల్స్ అంకె కంటే ఈ మాటల పరీక్షే నమ్మదగినది.