కార్డు ఇళ్ల గోడలు వంకర పోకుండా

సుమారు 28 మి.మీ. ఎత్తు సైనికుల బొమ్మలతో బల్లమీద ఆడే యుద్ధ ఆటకు కార్డుతో, అంటే మందపాటి అట్టతో, ఇళ్లు కట్టేటప్పుడు గోడలు వంగేది జిగురులోని నీళ్ల వల్ల. పీవీఏ జిగురుతో (నీళ్లుండే తెల్ల జిగురు) అట్టకు ఒకవైపే ప్రింటు, అంటే గోడ బొమ్మ అచ్చేసిన కాగితం, అంటిస్తే, ఆ కాగితం తడికి సాగి, ఆరుతూ ముడుచుకుని అట్టను తనవైపు లాగేస్తుంది. అందుకే 2 మి.మీ. అట్టకు ప్రింటు అంటించిన వెంటనే వెనకవైపు కూడా అదే మందం కాగితం అంటించండి. రెండు వైపులా లాగుడు సమానమవుతుంది. పైనా కిందా బటర్ పేపర్ వేసి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచాలి. ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు.

ఇంక్‌జెట్ ప్రింటైతే అంటించకముందే పల్చగా మ్యాట్ (మెరవని) వార్నిష్ స్ప్రే కొట్టండి, లేదంటే తడి వేలు తగిలినా రంగు చెదిరిపోతుంది.

కోసిన అంచుల తెల్లదనం ఇంటి అందమంతా పాడు చేస్తుంది. గోడలు కలపకముందే, గోడ రంగు స్కెచ్ పెన్ను మొనను పక్కకు వాల్చి అంచు వెంట లాగండి. కలిపాక మూలల్లోకి పెన్ను దూరదు.