సంస్థ కోసం వీడియో: కెమెరా తీయక ముందు తేల్చుకోవలసినవి

సంస్థల కోసం తీసే వీడియోలు చాలావరకు, అందరూ ఒప్పుకున్న ప్రణాళిక కాగితం ఒకటి చేతిలో లేకుండా చిత్రీకరణకు బయలుదేరడం వల్లనే చెడిపోతాయి. భూదాన్ పోచంపల్లి ప్రాంతంలోని ఒక చేనేత సహకార సంఘం, జాతీయ చేనేత దినోత్సవమైన ఆగస్టు 7న మూడు నిమిషాల వీడియో విడుదల చేయదలచిందని అనుకుని, ఆ కాగితం ఎలా తయారవుతుందో చూద్దాం.

మొదట వీడియో ఎవరి కోసమో, చూసినవారు తర్వాత ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాయాలి. నగరంలో చీర కొనేవారికి మరమగ్గం బట్ట మీద అచ్చు వేసిన నకలుకూ, నూలుకు ముందే కట్లు కట్టి రంగు అద్ది నేసే అసలు ఇక్కత్‌కూ తేడా చూపించడం ఒక వీడియో. బ్యాంకు అధికారులకు సంఘం పనితీరు వివరించడం మరొకటి. పాలకవర్గంలో ఒకరు సంఘం చరిత్ర కావాలంటారు, మరొకరు అతిథుల సన్మానం ఉండాలంటారు, ఇంకొకరు ధరల పట్టిక పెట్టమంటారు. అన్నిటినీ ఇరికించిన వీడియోను సభ్యులు కూడా చివరిదాకా చూడరు. అందుచేత ఆ వాక్యాన్ని సమావేశంలో చదివి, తీర్మానంగా రాయించి, ఇకపై స్క్రిప్టునూ ఎడిటింగునూ ఆమోదించే బాధ్యతను ఒక్కరికే అప్పగించడం మంచిది. మార్పులన్నీ స్క్రిప్టు దశలోనే చెప్పాలని కూడా అక్కడే నిర్ణయించాలి; కాగితం మీద ఒక గీతతో పోయే మార్పు, ఎడిటింగు పూర్తయ్యాక మళ్ళీ చిత్రీకరణ దాకా పోతుంది.

స్క్రిప్టును రెండు నిలువు వరుసలుగా, ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది వచ్చేలా రాయండి. వ్యాఖ్యానాన్ని గడియారం పెట్టుకుని పైకి చదివితే నిడివి తేలిపోతుంది. మూడు నిమిషాల వీడియోలో మూడు నిమిషాలూ మాటలే ఉంటే మగ్గం చప్పుడుకు చోటుండదు కనుక సగానికి సగం కొట్టివేయడానికి సిద్ధపడాలి. స్క్రిప్టులో చెప్పుకునే ప్రతి గొప్పకూ పక్కనే ఆధారం రాయాలి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక సూచిక (ఫలానా ప్రాంతపు సరుకని తెలిపే జీఐ) గుర్తింపు ఉన్న మాట నిజమే. కానీ దాన్ని వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా ఈ సంఘం నమోదై ఉందో లేదో పత్రం చూసి నిర్ధారించుకున్నాకే ఆ గుర్తును తెర మీద వేయాలి.

ముందుగా కెమెరా లేకుండా వెళ్ళి పని జరిగే ప్రతి చోటునూ చూడడం అన్నిటికంటే ముఖ్యం. ఇక్కత్ పని ఒకే ఇంట్లో, ఒకే రోజున జరిగేది కాదు. ఆసు పోయడం (నూలు పోగులను చట్రం మీద వరుసగా చుట్టడం) ఒక ఇంట్లో, నూలుకు కట్లు కట్టి రంగు అద్దడం మరొక చోట, నేత ఇంకొక చోట ఉండవచ్చు. మీరు వెళ్ళిన రోజున ఏ ఇంట్లో ఏ దశ నడుస్తుందో ముందే అడగకపోతే ఖాళీ మగ్గాన్ని చిత్రీకరించి రావలసి ఉంటుంది. రంగు అద్దిన నూలు ఆరుబయట ఆరాలి. జూన్‌లో వానలు మొదలవుతాయి కాబట్టి, ఆగస్టు 7 నుంచి వెనక్కి లెక్కవేసుకుని అద్దకం దృశ్యాలను మే నెలలోనే ముగించడం క్షేమం. గుంట మగ్గం ఉన్న గదిలో వెలుతురు తక్కువగా ఉంటుంది. తలుపులోంచి ఎండ ఏ వేళకు మగ్గం మీద పడుతుందో రాసుకోండి. ట్యూబులైటు తప్పనిసరైతే, మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక కెమెరా షట్టరు వేగాన్ని 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఉంచితే చిత్రం మినుకుమినుకుమనదు.

శబ్దాన్ని చాలామంది మరచిపోతారు. మగ్గంలో నాడె (అడ్డపోగును అటూ ఇటూ మోసేది) ఆడుతుండగా ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఒక్క మాటా తేటగా వినపడదు. మగ్గం ఆపి, వీలైతే పక్కింటి మగ్గాన్ని కూడా కాసేపు ఆపమని ముందే అడిగి, కాలరు మైకుతో ముఖాముఖి తీసుకోవాలి. మగ్గం చప్పుడును విడిగా రికార్డు చేసి తర్వాత కలుపుకోవాలి. అయితే నేసేవారికి కూలి నేసినదాన్ని బట్టే వస్తుంది. మీ కోసం మగ్గం ఆగినంతసేపూ ఆ కుటుంబానికి ఆదాయం ఆగినట్టే కాబట్టి ఆ పరిహారాన్ని బడ్జెట్‌లో భోజనాల ఖర్చు కంటే పైన రాయాలని నా అభిప్రాయం. కనిపించే ప్రతివారి నుంచీ తెలుగులో రాసిన అంగీకార పత్రం మీద సంతకం తీసుకోండి. వీడియో ఎక్కడెక్కడ ప్రదర్శిస్తారో అందులో ఉండాలి.

సంగీతం విషయంలో సినిమా పాట జోలికి పోవద్దు. హక్కులు కొన్న సంగీతమో, ఊళ్ళో కళాకారులకు పారితోషికమిచ్చి, రాతపూర్వక అనుమతితో చేయించుకున్నదో వాడాలి. ఫోన్లో నిలువుగా చూపించే చిన్న ముక్క కూడా కావాలంటే ఆ సంగతి కెమెరామన్‌కు ముందే చెప్పాలి, ఎందుకంటే అడ్డంగా తీసిన దృశ్యాన్ని తర్వాత నిలువుగా కత్తిరిస్తే నేసేవారి చేతులో, ముఖమో తెగిపోతాయి.

చివరగా, నిల్వ. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయ్యే వీడియో గంటకు 45 గిగాబైట్లు తింటుంది. ప్రతి సాయంత్రం రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి సరిచూసుకున్నాకే మెమరీ కార్డును ఖాళీ చేయాలి. పని ముగిశాక ఆ డిస్కుల్లో ఒకటి సంఘం కార్యాలయానికి అప్పగించాలన్న షరతును చిత్రీకరణ బృందంతో చేసుకునే ఒప్పందంలోనే రాయించుకోండి.