మధ్యాహ్నం మూడింటి రైలు: ఇటలీలో ఒంటరిగా తిరుగుతూ కడుపారా తినడం ఎలా

ఇటలీ హోటళ్లలో పొయ్యి మధ్యాహ్నం 12:30 ప్రాంతంలో వెలిగి 2:30కల్లా ఆరిపోతుంది. మళ్లీ రాత్రి 7:30 దాకా చాలాచోట్ల వంట ఉండదు. మన విశాఖ జగదాంబ జంక్షన్‌లో సాయంత్రం నాలుగింటికి వెళ్లినా వేడిగా దోసె వేసి పెడతారు. ఫ్లోరెన్స్‌లో ఆ వేళకి ఆకలేస్తే అద్దాల పెట్టెలో చల్లారిన శాండ్‌విచ్చే గతి. దీనికి తోడు హాస్టళ్లలో ఉదయం 10, 11 గంటలకే మంచం ఖాళీ చేయమంటారు, తర్వాతి ఊళ్లో మంచం ఇచ్చేది 3 దాటాకే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఊరు మారాల్సిన వేళ దానంతటదే తేలిపోతుంది: మధ్యాహ్నం మూడు గంటలు. పొద్దున్నే మంచం ఖాళీ చేసి, బ్యాగు హాస్టల్లోనే దాచి, ఊరు తిరిగి, ఒంటిగంటకు తీరిగ్గా భోంచేసి రైలెక్కండి. ఐదున్నరకి కొత్త ఊళ్లో స్నానం, ఏడున్నరకి ఆ ఊరి వంట. పొద్దున్నే బయల్దేరితే రెండు ఊళ్ల భోజనాలకీ నీళ్లొదులుకున్నట్టే.

ఇటలీ పెద్ద ఊళ్లు ఈ లెక్కకి సరిగ్గా కుదురుతాయి. ఫాస్ట్ రైల్లో రోమ్ నుంచి నేపుల్స్ గంటా పావు, రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, ఫ్లోరెన్స్ నుంచి బొలోన్యా 40 నిమిషాలు, బొలోన్యా నుంచి వెనిస్ గంటన్నర, వెనిస్ నుంచి మిలాన్ రెండున్నర గంటలు. కాబట్టి దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకే గీతలో వెళ్లండి: నేపుల్స్ 2 రాత్రులు, రోమ్ 3, ఫ్లోరెన్స్ 2, బొలోన్యా 2, వెనిస్ 1, మిలాన్ 2. మొత్తం 12. విమానం టికెట్టు రోమ్‌లో దిగి మిలాన్‌లో ఎక్కేలా తీసుకుని, దిగిన రోజే రైల్లో నేపుల్స్ వెళ్లిపోతే చివర్లో వెనక్కి రావాల్సిన పని ఉండదు. విశాఖ నుంచి ఎలాగూ ఎక్కడో ఒకచోట మారాల్సిందే, ఆ మారే చోట కనీసం మూడు గంటలు చేతిలో ఉంచుకోండి.

వీసా సంగతి క్లుప్తంగా. కావాల్సింది షెంగెన్ వీసా, ఇటలీతో పాటు చాలా ఐరోపా దేశాలకి కలిపి ఇచ్చే వీసా అది. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. పెద్దలకి ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల ఆరోగ్య బీమా చూపించాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు గానీ ఒక్కోసారి 45 రోజులదాకా లాగుతారు, అందుకని రెండు మూడు నెలల ముందే పెట్టుకోండి. వీసా చేతికి రాకముందు వాపసు రాని రైలు టికెట్లు కొనొద్దు.

బ్యాగు 40 లీటర్లు, నింపాక 8 కిలోలు దాటకూడదు. స్టేషన్ మెట్లు, వెనిస్ వంతెనలు, లిఫ్టు లేని పాత మేడలు, అన్నీ బ్యాగు వీపున వేసుకునే ఎక్కాలి. విశాఖ వాళ్ల బీరువాలో సాధారణంగా ఉండనిది చలికోటు. ఏప్రిల్‌లో మిలాన్ రాత్రులు మనకి అరకు డిసెంబరులా అనిపిస్తాయి. ఒక ఫ్లీసు, దాని మీదకి పల్చటి వానకోటు చాలు. ఫోను ఛార్జర్ల సన్నటి రెండు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లలో పడుతుంది, మన లావు మూడు పిన్నులది పట్టదు.

తిండి మూట కట్టే ముందు ఒక్కమాట. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా వద్దు. కందిపొడి, కారప్పొడి హాయిగా తీసుకెళ్లొచ్చు. ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులో అయితే సరే. చేతి బ్యాగులో పెడితే అందులోని నూనెని ద్రవంగానే చూస్తారు, 100 మిల్లీలీటర్లు దాటిన సీసా సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది.

ఇక రైళ్లు. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యంగా తెలుసుకోవాల్సింది, రైళ్లు రెండు జాతులని. మొదటివి సీటు నంబరుతో వచ్చే రైళ్లు: ప్రభుత్వ రైలు సంస్థ ట్రెనిటాలియా వారి ఫ్రెచ్చారోస్సా, ఇంటర్‌సిటీ, ఇంకా ప్రైవేటు సంస్థ ఇటాలో. వీటిలో ఆ రైలుకి, ఆ సీటుకే టికెట్టు. ఒక సంస్థ టికెట్టు ఇంకో సంస్థ రైల్లో చెల్లదు. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ లాంటివి లేవు. సీటు ఉంటే అమ్ముతారు, లేదంటే లేదు. ధర విమానం టికెట్టులా పెరుగుతూ పోతుంది కాబట్టి నెల ముందు కొంటే చవక. ట్రెనిటాలియాలో ‘సూపర్ ఎకానమీ’ టికెట్టు అన్నిటికన్నా తక్కువ, కానీ మార్చుకోవడానికి వీల్లేదు. ‘బేస్’ టికెట్టు ఖరీదెక్కువ, మార్చుకోవచ్చు. విమానం దిగిన రోజు రైలుకి మాత్రం సూపర్ ఎకానమీ తీసుకోకండి. ఇప్పుడు షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి వచ్చింది, ఇమిగ్రేషన్‌లో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి రోమా టెర్మినీకి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో చేరుస్తుంది, 14 యూరోలు. నేపుల్స్ టికెట్టు టెర్మినీలో దిగాకే కొనుక్కోండి.

రెండోవి రెజొనాలే, అంటే ప్రాంతీయ రైళ్లు, కిరండూల్ పాసింజర్లో జనరల్ టికెట్టుతో ఎక్కినట్టు. సీటు నంబరు ఉండదు, ముందు కొన్నా అప్పటికప్పుడు కొన్నా ఒకటే ధర. కొత్తవాళ్లకి జరిమానా పడేది ఇక్కడే. మెషీన్‌లో కొన్న కాగితం టికెట్టు ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది చిన్న యంత్రంలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. డబ్బు కట్టి కొన్న టికెట్టే అయినా ముద్ర లేకపోతే టికెట్టు లేనట్టే లెక్క. ఎందుకంటే తేదీ, గంట పడని టికెట్టుతో ఎన్నిసార్లయినా తిరగొచ్చు కదా. ముద్ర పడ్డాక 4 గంటలు చెల్లుతుంది. ‘టక్’ మని శబ్దం వచ్చిందని ఊరుకోకుండా అంచు మీద అక్షరాలు పడ్డాయో లేదో కళ్లతో చూడండి, సిరా అయిపోయిన యంత్రాలు ఉంటాయి. పక్క యంత్రంలోనూ పడకపోతే ఎక్కకముందే టీసీని వెతికి చెప్పాలి. ఆయన మీ దగ్గరికొచ్చాక చెబితే సాకులా వినిపిస్తుంది. ఫోన్లో కొన్న రెజొనాలే టికెట్టుకి ముద్ర బదులు ఎక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. ఫ్రెచ్చారోస్సా టికెట్టుకి ఇవేవీ అక్కర్లేదు.

స్టేషన్ల పేర్ల దగ్గర విశాఖ వాళ్లకి తెలిసిన చిక్కే ఉంది. కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు విశాఖ స్టేషన్‌కి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి కదా. ఇటలీలో ప్రతి పెద్ద ఊరికీ ఒక దువ్వాడ ఉంది. వెనిస్ కాలువల మధ్య దిగాలంటే వెనెత్సియా సాంతా లుచియా అని చూసి కొనాలి. వెనెత్సియా మెస్త్రె అయితే నీళ్లకి ఇవతలే దిగిపోతారు. ఫ్లోరెన్స్‌కి సాంతా మరియా నొవెల్లా, రోమ్‌కి టెర్మినీ, నేపుల్స్‌కి చెంత్రాలె. నాపొలి అఫ్రగోలా ఊరికి దూరం, అక్కడ దిగితే మళ్లీ బండి వెతుక్కోవాలి. ఊళ్ల పేర్లు బోర్డుల మీద రోమా, నాపొలి, ఫిరెంజె, వెనెత్సియా, మిలానో అనే ఉంటాయి. ఇంకా, బోర్డు మీద కనిపించేది రైలు ఆఖరున ఆగే ఊరు. మీ ఫ్లోరెన్స్ రైలు ‘మిలానో’ అనో ‘తొరీనో’ అనో ఉండొచ్చు. అందుకని టికెట్టు మీది రైలు నంబరుతో పోల్చుకోండి. ‘పార్తెన్‌త్సె’ అంటే బయల్దేరేవి, ‘బినారియో’ అంటే ప్లాట్‌ఫారం, ‘రితార్దో’ అంటే ఆలస్యం. ప్లాట్‌ఫారం నంబరు పది, ఇరవై నిమిషాల ముందు గానీ వేయరు. పడగానే నడవండి. తలుపులు బయల్దేరే వేళకి ఒకటి రెండు నిమిషాల ముందే మూసుకుంటాయి, పరిగెత్తి అందుకునే వీలు ఉండదు.

సమ్మెలు అక్కడ మామూలే. ‘షోపెరో’ అన్న మాట కనబడితే అదే. ముందుగానే ప్రకటిస్తారు కాబట్టి ప్రయాణానికి రెండు రోజుల ముందు చూసుకోండి. మామూలు పనిదినాల్లో సమ్మె జరిగినా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రెజొనాలే రైళ్లు తప్పకుండా నడుపుతారు. ఆ రోజుకి మూడింటి లెక్క వదిలేసి ఆ వేళలే పట్టుకోండి.

తిండిలోకి వద్దాం. నేపుల్స్‌లో పీట్జా ఒక మనిషికి ఒకటి, ముక్కలు కోయకుండా ఇస్తారు. కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లే ఉంటుంది. అంచు ఉబ్బి అక్కడక్కడా నల్లమచ్చలు పడుతుంది, నడిమధ్య మాత్రం తడితడిగా, మెత్తగా, చేత్తో ఎత్తితే వేలాడుతుంది. పిండి ఉడకలేదనుకుని వెనక్కి పంపకండి, అదే దాని తీరు. మొదట నడిమధ్య భాగం చాకుతో కోసుకు తిని, తర్వాత అంచుకి రండి. ఆలస్యం చేస్తే టమాటా నీరు అడుగుని నానబెట్టేస్తుంది. మరినారాలో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె మాత్రమే, చీజ్ ఉండదు. జాగ్రత్త పడాల్సిన మాట ఒకటి: ఇటలీలో ‘పెపెరోని’ అంటే మాంసం కాదు, క్యాప్సికం. ‘సలామె పిక్కాంతె’ అంటే కారం పట్టించిన మాంసం.

రోమ్‌లో ‘పీట్జా అల్ తాల్యో’ కొట్టు మీ ఒంటరి ప్రయాణానికి అండ. పెద్ద పళ్లెంలో కాల్చిన పీట్జాని కత్తెరతో కత్తిరించి తూకానికి అమ్ముతారు. ధర కిలోకో ‘ఎత్తో’కో రాసి ఉంటుంది, ఎత్తో అంటే 100 గ్రాములు. 200 గ్రాములు చిరుతిండి, 300 గ్రాములు భోజనం. కత్తెర ఎక్కడ పెట్టాలో వేలితో చూపించండి, లేకపోతే పెద్ద ముక్కే పడుతుంది. ఆ ఊరి పాస్తాల్లో కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా మూడింట్లోనూ పంది మాంసం ఉంటుంది. కాచో ఎ పెపెలో ఉండదు: పెకొరీనో చీజ్, మిరియాలు, అంతే. అయితే పెకొరీనో రొమానో, పార్మిజానో రెండూ పశువుల కడుపులోంచి తీసిన తోడుతో చేసే చీజులే. నిష్ఠగా శాకాహారం పాటించేవాళ్లు ఇది తెలుసుకుని తేల్చుకోవాలి. వీధుల్లో ‘నజోనె’ అనే ఇనుప కుళాయిలు రాత్రీపగలూ పారుతుంటాయి, మంచినీళ్లే. కింది కన్నాన్ని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, సీసా లేకపోయినా తాగొచ్చు.

గుడ్డు తినని వాళ్లకి ఒక భౌగోళిక సూత్రం. దక్షిణాన పాస్తా ఎక్కువగా ఎండినది, గోధుమ రవ్వ, నీళ్లతో చేసింది. బొలోన్యా చేరేసరికి తాజా పాస్తా, అందులో గుడ్డు తప్పనిసరి. గుడ్డు తినేవాళ్లు అక్కడ టొర్టెల్లీని కాకుండా టొర్టెల్లోని అడగండి. చిన్నవైన టొర్టెల్లీనిలో పంది మాంసం కూరుతారు. పెద్దవైన టొర్టెల్లోనిలో సాధారణంగా రికోట్టా చీజ్ ఉంటుంది, ఉడికించి, సేజ్ ఆకులు వేసిన వెన్నలో కలిపి ఇస్తారు. మాంసాహారులు టాల్యతెల్లె అల్ రాగు, అంటే మాంసం సాసుతో పాస్తా, వదలొద్దు, కాకపోతే అందులో గొడ్డు మాంసం ఉంటుంది. ‘మాన్జో’ గొడ్డు మాంసం, ‘వితెల్లో’ దూడ, ‘మయాలె’ పంది, ‘పొల్లో’ కోడి, ‘స్ట్రుట్టో’ పంది కొవ్వు. ఈ అయిదు మాటలూ ఫోన్లో రాసి పెట్టుకోండి.

ఫ్లోరెన్స్‌లో బిస్తెక్కా కిలో తూగే ముక్క, అదీ గొడ్డు మాంసమే, ఒంటరి మనిషికి పని జరగదు. దాని బదులు రిబొల్లీతా: నిన్నటి రొట్టె, తెల్ల చిక్కుడు గింజలు, నల్ల కేల్ ఆకు కలిపి మళ్లీ ఉడికించిన చిక్కటి పులుసు. మాంసం ఉడికించిన నీళ్లు పోశారేమో అడగాలి, ‘కోన్ బ్రోదో ది కార్నె?’ అంటే చాలు. మిలాన్‌లో కుంకుమపువ్వు వేసి మెత్తగా వండే అన్నం రిసోట్టోకీ ఇదే ప్రశ్న. కొన్నిచోట్ల రిసోట్టో కనీసం ఇద్దరికి అని మెనూలో రాసి ఉంటుంది, కూర్చునేముందే చూసుకోండి. వెనిస్‌లో హోటల్‌కన్నా ‘బాకరో’ అనే చిన్న వైన్ కొట్టు మేలు. నిలబడి ‘చికెత్తి’ అనే చిన్న ముక్కలు ఒక్కొక్కటీ ఏరుకుని తినొచ్చు, చేపలు తినేవాళ్లకి పండగే. మిలాన్‌లో ఒక పూట మిగిలితే జెనోవా వెళ్లి రండి, రైల్లో దాదాపు రెండు గంటలు. అక్కడి ఫరినాతా శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. రాగి పళ్లెంలో పల్చగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. మన నాలుకకి ఇటలీలో ఇంతకన్నా సొంతంగా తగిలే రుచి ఇంకోటి లేదు. చేతిసంచిలో కారప్పొడి ఉంటే పైన చల్లుకోండి.

బిల్లులో ‘కొపెర్తో’ అని ఒకటి నుంచి మూడు యూరోలు కనిపిస్తే మోసం కాదు, బల్ల రుసుము. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే యూరోన్నర లోపే. కూర్చుంటే రెట్టింపు, పెద్ద కూడళ్లలో ఇంకా ఎక్కువ. స్టేషన్ల కాఫీ కొట్లలో ముందు డబ్బు కట్టి, చీటీ చూపించాకే కాఫీ ఇస్తారు. కార్డు మెషీన్ రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే మారకం రేటు వాళ్లే వేస్తారు, మీకు నష్టం. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఇంటి దగ్గరే ఆన్ చేసుకుని, ఓటీపీ కోసం మన సిమ్‌కి రోమింగ్ పెట్టించండి.

రైల్లో బ్యాగుకి గొలుసు కట్టేవాళ్లు కనిపించరు. అలాగని తలుపు దగ్గరి అరలో వదిలేసి నిద్రపోవద్దు, దొంగలు పని కానిచ్చేది బండి కదలబోయే ముందు నిమిషంలోనే. వీపులు ఆనుకుని ఉన్న రెండు సీట్ల మధ్య సందులో 40 లీటర్ల బ్యాగు సరిగ్గా ఇముడుతుంది. టెర్మినీలో టికెట్టు మెషీన్ దగ్గర ఎవరైనా పిలవకుండానే సాయానికొచ్చి తెర నొక్కుతుంటే అక్కడితో ఆపి వేరే మెషీన్‌కి వెళ్లిపోండి.

తిరుగు విమానం రోజున మిలానో చెంత్రాలె నుంచి మల్పెన్సా ఎక్స్‌ప్రెస్ దాదాపు 50 నిమిషాలు. మీ విమానం టెర్మినల్ 1దో 2దో ముందే చూసుకోండి. రెండు చోట్లా రైలు ఆగుతుంది, ముందొచ్చేది 1.