పంట కాలువలో ఎంత నీరు ఇంకిపోతోందో కొలిచే పద్ధతి

నాగార్జునసాగర్ ఆయకట్టు చివరి భూములకు నీరందనప్పుడు, ఎగువ రైతులు ఎక్కువగా మళ్లించుకున్నారన్న మాటే ముందుగా వినిపిస్తుంది. లైనింగ్ (కాంక్రీటు పూత) లేని మట్టి కాలువ అడుగున, పక్కల్లోకి ఇంకే నీరు కంటికి కనిపించదు కనుక ఎవరి లెక్కలోకీ రాదు. దానిని రైతులే కొలుచుకోవచ్చు.

వంతు ముగిసి కాలువ కట్టేసిన రోజుల్లో, నీటి వినియోగదారుల సంఘానికి ముందుగా చెప్పి, తూములు లేని 30 మీటర్ల ముక్కను ఎంచుకోవాలి. రెండు చివరలా బంకమట్టితో అడ్డుకట్టలు వేసి, లోపలివైపు పాలిథిన్ పట్టా కప్పి, మామూలుగా పారే మట్టం వరకు నీరు నింపాలి. ఎండిన మట్టి మొదట విపరీతంగా పీలుస్తుంది కాబట్టి, ఒక రోజు నాననిచ్చి, మళ్లీ అదే మట్టానికి నింపిన తరువాతే కొలత మొదలుపెట్టాలి. నీటిలో గట్టిగా పాతిన కర్రకు సరిగ్గా నీటి మట్టం దగ్గర మేకు కొట్టి, 12 గంటల తరువాత మేకు నుంచి నీటి వరకు స్కేలుతో కొలవాలి. గట్టుపై వెడల్పాటి తొట్టిలో నీరు పోసి ఉంచితే, ఆవిరైనది ఎంతో తెలుస్తుంది, కాలువలో తగ్గిన కొలత నుంచి దానిని తీసివేయాలి.

ఆవిరి పోను 6 సెంటీమీటర్లు తగ్గి, నీటి పైభాగం సగటు వెడల్పు 1.2 మీటర్లు ఉంటే, ఆ ముక్కలో 12 గంటల్లో 2,160 లీటర్లు ఇంకినట్టు. అదే తీరున ఇంకితే కిలోమీటరు కాలువలో రోజుకు 1,44,000 లీటర్లు నేలపాలవుతాయి.

ఇలా రెండు మూడు ముక్కలు కొలిచి, నష్టం బాగా ఎక్కువగా ఉన్నచోట గట్టు బయటివైపు నడిచి చూడాలి. చుట్టూ ఎండిపోయి ఉన్నా ఒకచోట మాత్రం తుంగ పచ్చగా ఉండి, కాలు పెడితే నేల మెత్తగా దిగబడితే, దానికి ఎదురుగా ఎండ్రకాయ బొరియో ఎలుక కలుగో ఉండవచ్చు. దాని నోరు మాత్రమే మూస్తే నీరు మళ్లీ దారి చేసుకుంటుంది. చివరి వరకు తవ్వి, తడి బంకమట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో గట్టిపరచాలి. పూడిక తీసేటప్పుడు అసలు అడుగు మట్టం దాటి గీకించకూడదు, ఎందుకంటే అక్కడ పట్టుకున్న మెత్తని ఒండ్రే ఇంకుడును కొంత ఆపుతుంది. నల్లరేగడిలో లైనింగ్ తలపెడితే, ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుని కాంక్రీటును పగలగొడుతుంది కనుక, కింద ఉబ్బని మొరం పొర తప్పనిసరి.

మరమ్మతు పూర్తయ్యాక అదే ముక్కలో, అదే మట్టానికి నింపి మళ్లీ కొలిచి, రెండు అంకెలనూ సంఘం పుస్తకంలో రాయించాలి.