రోడ్డు మీద పడినవాళ్లకు సాయం చేసే ముందు

బెంగళూరులో మారతహళ్లి, సిల్క్ బోర్డ్ వైపు రోజూ బండి మీద తిరిగే మనవాళ్ల కోసం.

ముందు మీ బండి పక్కకు తీసి 108కో 112కో ఫోన్ చెయ్యండి. కన్నడ రాదని ఆగొద్దు. ఫ్లైఓవర్ పేరు, పిల్లర్ నంబరు చెబితే దారి దొరుకుతుంది.

కేసు టెన్షన్ వద్దు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ ఉంది. ప్రతిఫలం ఆశించకుండా, మంచి ఉద్దేశంతో చేసిన సాయంలో పొరపాటు జరిగినా సివిల్, క్రిమినల్ బాధ్యత మీ మీద పడదు. ఆస్పత్రిలో పేరు, అడ్రస్ చెప్పడం మీ ఇష్టం. డబ్బు కట్టేదాకా మిమ్మల్ని ఆపే హక్కు వాళ్లకు లేదు. సాక్షిగా ఉండమని పోలీసులూ బలవంతపెట్టకూడదు. ఉండగలిగితే ఉండండి, ఆ కుటుంబానికి అది చాలా అవసరం.

గుద్దిన బండి మీదైతే సంగతి వేరు: గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం డ్రైవర్ బాధ్యత.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఆగిందో లేదో అని మాటిమాటికీ తీసి చూడకండి; గుడ్డ తడిస్తే దానిమీదే ఇంకోటి పెట్టండి. నీళ్లు తాగించొద్దు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగొద్దు, మెడకు ప్రమాదం.

గాయపడినవాళ్ల పర్సు, ఫోన్ నలుగురి ముందే అప్పగించండి. వీడియోలు మాత్రం దయచేసి తీయకండి.