జెట్ స్కీలో ఒక సిలిండర్ వేడి, ఇంకొకటి చల్లన: తప్పు ఏ సిలిండర్‌ది?

జెట్ స్కీని ఒడ్డుకు తెచ్చి, సీటు తీసి ఇంజన్ హెడ్ (సిలిండర్ల పైమూత) మీద చేయి పెట్టారు. ముందు సిలిండర్ గోరువెచ్చగా ఉంది. వెనక సిలిండర్ మీద మాత్రం చేయి ఆనలేదు. చాలామంది అక్కడికక్కడే ‘వెనకదానికి నీళ్ళు అందడం లేదు’ అని తేల్చేసి హెడ్ విప్పడానికి కూర్చుంటారు. స్పానర్ పట్టుకునే ముందు చల్లగా ఉన్న సిలిండర్‌ని ఒకసారి అనుమానించండి. అది సరిగ్గా మండకపోతే చల్లగానే ఉంటుంది. దాని బరువు కూడా లాగుతున్న రెండోది వేడెక్కి, పాపం, నింద మోస్తుంది.

నేను చెప్పేది పాత కార్బ్యురేటర్ బండ్ల గురించి, అంటే యమహా 701 సీసీ లాంటి రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్ల గురించి. సీడూ కంపెనీ ఫోర్ స్ట్రోక్ బండ్లలో కూలెంట్ లోపలే తిరుగుతుంది కాబట్టి వాటి కథ వేరు.

తేడా నిజంగా ఉందా?

ట్రైలర్ మీద ట్యాప్ నీళ్ళు పెట్టి చూసిన వేడిని లెక్కలోకి తీసుకోకండి. నీళ్ళలో, మనిషి ఎక్కిన బరువుతో ఐదు నిమిషాలు నడిపి వచ్చి వెంటనే కొలవాలి. లేజర్ థర్మామీటర్ మెరిసే అల్యూమినియం మీద తప్పు చూపిస్తుంది. రెండు ప్లగ్గుల పక్కన ఒకే చోట చిన్న మాస్కింగ్ టేప్ ముక్క అతికించి, దాని మీదే కొలవండి. నీళ్ళు అన్ని చోట్లకీ ఒకేసారి చేరవు కాబట్టి కొద్ది డిగ్రీల తేడా మామూలే. నేనైతే పది డిగ్రీలు దాటితేనే వెతకడం మొదలుపెడతాను.

చల్లటి సిలిండర్ తడిగా, ప్లగ్ నల్లగా ఉంటే

ముందు రెండు ప్లగ్గులూ అటూఇటూ మార్చి నడపండి. చల్లదనం ప్లగ్‌తో పాటు రెండో వైపుకి వెళ్తే పని అయిపోయినట్టే, కొత్త జత వేయండి. వెళ్ళకపోతే ప్లగ్ క్యాప్ తిప్పి ఊడదీసి వైరు చివర చూడండి. సముద్రంలో తిరిగే బండికి అక్కడి రాగి పచ్చగా పొడి పట్టి ఉంటుంది. అర సెంటీమీటరు కత్తిరించి, మెరిసే రాగి కనిపించాక క్యాప్ మళ్ళీ బిగించండి. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ క్యాప్ పీకి పరీక్షించే అలవాటుంటే మానుకోండి, సీడీఐ (ప్లగ్గులకు స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) పోవచ్చు.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, చూడాలి. ప్లగ్గులు రెండూ తీసి, వైర్లు ఇంజన్‌కి ఎర్త్ చేసి, ప్లగ్ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ బిగించి, ఆక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, గేజ్ ముల్లు ఆగేదాకా సెల్ఫ్ కొట్టండి. రెండింటి మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే తక్కువున్న వైపు రింగులో, పిస్టనో, హెడ్ గ్యాస్‌కెటో అరిగింది. అలాంటప్పుడు కార్బ్యురేటర్ ఎంత కదిపినా లాభం ఉండదు.

వేడి సిలిండర్ ప్లగ్ తెల్లగా కాలి ఉంటే

ఇది అసలు భయపడాల్సిన లక్షణం. పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైందన్నమాట. ఆయిల్‌ని పెట్రోల్‌లోనే కలిపి పోసే టూ స్ట్రోక్‌లో ఆయిల్ కూడా తగ్గుతుంది కాబట్టి పిస్టన్ పట్టేయడానికి ఎక్కువసేపు పట్టదు. ప్లగ్ మీద వెండి రంగు చుక్కలు కనిపిస్తే అది కరిగిన పిస్టనే. ఆ రోజుకి బండి నీళ్ళలో దింపకండి.

కార్బ్యురేటర్లు రెండున్న బండిలో ఒక్కోటి ఒక్కో సిలిండర్‌కి పెట్రోల్ ఇస్తుంది. ఒకదాని లోపలి జల్లెడ మూసుకుపోయినా ఆ సిలిండర్ ఒక్కటే కాలుతుంది. అవి శుభ్రంగా ఉన్నా రేస్ వదిలేశాక ఇంజన్ వెంటనే దిగకుండా కాసేపు అలాగే అరుస్తోందంటే ఎక్కడో గాలి లాగుతోంది. ఇన్‌టేక్ గ్యాస్‌కెట్ కావచ్చు, క్రాంక్ ఆయిల్ సీల్ కావచ్చు. ముందున్న ఫ్లైవీల్ వైపు సీల్ పోతే ముందు సిలిండర్, ఇంజన్‌ని జెట్ పంపుతో కలిపే కప్లర్ వైపుది పోతే వెనకది దెబ్బతింటాయి. ఇన్‌టేక్, సైలెన్సర్ దారులు మూసి, ఆరేడు పీఎస్ఐ గాలి ఎక్కించి, అన్ని అతుకుల మీదా సబ్బు నీళ్ళు పోస్తే బుడగ ఎక్కడో తెలిసిపోతుంది. దయచేసి కార్బ్యురేటర్‌లో పెట్రోల్ పెంచే జెట్ స్క్రూ కొంచెం వదులు చేసి సర్దుకుపోవద్దు. గాలి లీకు ఒక స్పీడులో సర్దుకున్నట్టే ఉండి, ఇంకో స్పీడులో పిస్టన్‌ని తినేస్తుంది.

ప్లగ్గులు రెండూ ఒకే రంగు, అయినా ఒకటి వేడి

ఇప్పుడు నీళ్ళను అనుమానించండి. ఈ ఇంజన్లకు విడిగా వాటర్ పంపు ఉండదు. బండిని ముందుకు తోసే జెట్ పంపే తన ఒత్తిడితో ఒక సన్నటి గొట్టంలోకి నీళ్ళు నెట్టి, సిలిండర్ల చుట్టూ తిప్పి, పక్కన ధారగా వదులుతుంది. ధార నీరసంగా ఉంటే పంపు దగ్గరి దారి మూసుకుపోయిందని అర్థం, అప్పుడు రెండు సిలిండర్లూ వేడెక్కుతాయి. ధార బాగానే ఉండి ఒక్కటే వేడెక్కిందంటే అడ్డు లోపల ఉంది.

రుషికొండలో అద్దెకు తిరిగిన ఒక బండి ఇలాగే నా దగ్గరికి వచ్చింది. ధార బలంగా ఉంది, ప్లగ్గులు రెండూ చక్కటి గోధుమరంగులో ఉన్నాయి. హెడ్ తీసి వెనక సిలిండర్ నీటి గదిలోకి వేలు పెడితే అడుగున తడి ఇసుక గట్టిపడి, దాని మీద ఉప్పు పెచ్చులా కట్టింది. ఇనుప తీగ కాదు, పాత ప్లాస్టిక్ కేబుల్ టై తో కదుపుతూ, వెనక నుంచి ముందుకు నీళ్ళు కొడితే చారెడు ఇసుక బయటికొచ్చింది. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే త్వరగా కరుగుతుందని పక్కనున్నవాళ్ళు సలహా ఇచ్చారు. అది ఉప్పుతో పాటు అల్యూమినియాన్నీ తినేస్తుంది. కొత్త గ్యాస్‌కెట్ వేసి, బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాను. కారణం కూడా అక్కడే ఉంది: ఆ బండిని రోజూ మోకాలి లోతు నీళ్ళలోనే స్టార్ట్ చేసేవారు. జెట్ పంపు అక్కడ నీళ్ళతో పాటు ఇసుకనీ లాగేస్తుంది. నడుము లోతు దాకా తోసుకెళ్ళి స్టార్ట్ చేయమని కుర్రాళ్ళకు చెప్పాను.

సాయంత్రం మంచినీళ్ళతో కడిగేటప్పుడు ముందు ఇంజన్, తర్వాత ట్యాప్. ఆపేటప్పుడు ముందు ట్యాప్, తర్వాత ఇంజన్. ఇది తారుమారైతే నీళ్ళు సైలెన్సర్ గుండా సిలిండర్‌లోకి వెళ్తాయి. చెడిపోయిన బండిని వేరే బండికి కట్టి వేగంగా లాక్కొచ్చినా అదే ప్రమాదం, లాగే ముందు జెట్ పంపు నుంచి ఇంజన్‌కి వచ్చే ఆ నీటి గొట్టాన్ని క్లిప్పుతో నొక్కేయాలి.

ఏ మరమ్మతు చేసినా ఆ టేపు ముక్కలు మాత్రం పీకేయకండి. మళ్ళీ ఐదు నిమిషాలు నడిపి, వాటి మీదే కొలిచి, పాత లెక్క పక్కన రాసుకోండి.