పుట్టిన బిడ్డకు ఉచిత ఆరోగ్య పరీక్షలు: నెల్లూరు జిల్లాలో ఎవరిని అడగాలి, ఏ కాగితాలు ఉంచుకోవాలి

బిడ్డకు పుట్టుకతో ఏమైనా లోపాలున్నాయేమో చూసే పరీక్షలకు మీసేవలో దరఖాస్తు చెయ్యాలా, సచివాలయంలో ఇవ్వాలా అని అడుగుతుంటారు. రెండూ అక్కర్లేదు. విడిగా ఫారం లేదు, ఫీజు లేదు, ఆదాయ ధ్రువపత్రంతో పని లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆసుపత్రుల్లో ఆర్బీఎస్‌కే అంటారు) కింద, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన ప్రతి బిడ్డనూ అక్కడి డాక్టరో నర్సో తల నుంచి కాలి దాకా చూడాలి. గర్భిణిగా ఉన్నప్పుడు ఏఎన్ఎం ఇచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డే ఇక్కడ మీ దరఖాస్తు. చూసిన సంగతి ఆ కార్డులోనో డిశ్చార్జి కాగితంలోనో రాసి ఉండాలి. రాయకపోతే డిశ్చార్జికి ముందే అడిగి రాయించుకోండి. ఇంటికి వచ్చేశాక ఆ ఒక్క ముక్క కోసం మళ్ళీ తిరగడం బాలింతకు ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

ఏం చూస్తారో తెలిస్తే అడగడం తేలిక. నోట్లో వేలు పెట్టి అంగిలి చీలి ఉందేమో తడుముతారు. పై పెదవి బాగానే ఉండి లోపల అంగిలి మాత్రమే చీలిన పిల్లలుంటారు, పాలు ముక్కులోంచి వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. వీపు మీద వెన్నెముక వెంట చెయ్యి పోనిస్తారు. రెండు తొడలూ మడిచి మెల్లగా పక్కలకు తెరిచి, తుంటి ఎముక గూట్లోంచి జారుతోందా చూస్తారు. పాదాలు లోపలికి తిరిగి ఉన్నాయా, కంట్లో లైటు వేస్తే ఎర్రగా మెరుస్తోందా, తెల్లగా కనిపిస్తోందా అన్నదీ చూస్తారు. తెల్లగా ఉంటే శుక్లం కావచ్చు, రోజులు లెక్కపెట్టుకుని పరుగెత్తాల్సిన విషయం అది. గుండె కోసం, పుట్టి 24 గంటలు దాటాక కుడి చేతికీ ఒక కాలికీ క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూడమని అడగండి. 95 శాతం, ఆపైన ఉండి, రెండింటికీ పెద్ద తేడా లేకపోతే నిశ్చింత.

వినికిడి పరీక్షలో చెవిలో చిన్న ప్రోబ్ పెడతారు, నొప్పి ఉండదు. బిడ్డ కడుపు నిండా పాలు తాగి నిద్రలో ఉన్నప్పుడు చేస్తే తొందరగా అయిపోతుంది. రిజల్టులో 'రిఫర్' అని వస్తే టెన్షన్ పడకండి. పుట్టిన కొత్తల్లో చెవిలో తెల్లటి జిగురు ఉన్నా అలాగే వస్తుంది, మళ్ళీ చెయ్యాలని మాత్రమే దాని అర్థం. కానీ ఆ మళ్ళీ చేయించడం మానకూడదు. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు లోపం ఉందో లేదో తేలడం, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవడం అన్నది డాక్టర్లు పాటించే లెక్క. 'మా ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమే' అని పెద్దవాళ్ళు అంటారు. ప్రేమతోనే అంటారు, అయినా ఆ మాట మీద రెండేళ్ళు ఆగితే బిడ్డకు మాట నేర్చుకునే వయసే చేజారుతుంది.

మడమ మీద చిన్నగా గుచ్చి నాలుగైదు చుక్కల రక్తం కాగితం మీద తీసుకునే పరీక్ష వేరు. థైరాయిడ్ లోపం, జన్యుపరంగా వచ్చే కొన్ని జబ్బులు బయటపడేది దీంతోనే. ఇది అన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలుగా చేసేది కాదు, కాబట్టి మీరే నోరు తెరిచి అడగాలి. రెండు మూడో రోజున తీస్తే ఫలితం నమ్మదగ్గట్టు ఉంటుంది. పుట్టుకతో థైరాయిడ్ లోపం మన దేశంలో దాదాపు వెయ్యిమందిలో ఒకరికి ఉంటుంది. బిడ్డ చూడ్డానికి ముద్దుగా, బాగానే ఉంటుంది. మొదటి రెండు వారాల్లో చిన్న మాత్ర మొదలుపెడితే బుద్ధి వికాసానికి దెబ్బ తగలదు. ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. అందుకే డబ్బు పెట్టి బయట చేయించాల్సి వచ్చినా, కనీసం ఈ ఒక్కటైనా చేయించమంటాను. మేనరికం చేసుకున్నవాళ్ళు, ఇంతకుముందు పసిబిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

ఇక అసలు చిక్కు ఇంటికి వెళ్ళాక వస్తుంది. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. కానీ మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. పేరు నమోదైంది అత్తగారి ఊరు కావలి వైపు, బాలింత ఉన్నది ఉదయగిరి వైపు. ఉదయగిరి వైపు ఆశా లిస్టులో ఈమె ఉండదు, కావలి వైపు ఆశాకు ఈమె కనపడదు. కాబట్టి పుట్టింటికి చేరిన రోజే ఆ ఊరి ఆశాకు గానీ ఏఎన్ఎంకు గానీ కబురు పెట్టి, కార్డు చూపించి పేరు రాయించండి. నెలలు నిండకుండా, 34 వారాల లోపు గానీ రెండు కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన బిడ్డకైతే 30 రోజుల లోపే కంటి డాక్టరు రెటీనా (కంటి లోపలి పొర) చూడాలి. ఇరవై ఒకటో రోజు దాటందే గడప దాటకూడదనే పట్టింపు ఉన్న ఇళ్ళలో ఆ గడువు ఇట్టే కరిగిపోతుంది. బారసాల వారం ఆలస్యమైనా ఫర్వాలేదు, ఈ చూపు ఆగకూడదు.

లోపం ఉందనిపిస్తే రిఫరల్ స్లిప్పు ఇస్తారు. సాధారణంగా అది జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి. వెళ్ళేటప్పుడు స్లిప్పు, తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి కాగితం, అమ్మానాన్నల ఆధార్, బియ్యం కార్డు పట్టుకెళ్ళండి. అన్నిటికీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. జనన నమోదు 21 రోజుల్లో ఉచితం, బిడ్డకు పేరు పెట్టకపోయినా చేయించవచ్చు. ఆపరేషన్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్యసేవకు (పాత ఆరోగ్యశ్రీ) ఆ జనన ధ్రువపత్రం కావాలి. బియ్యం కార్డులో బిడ్డ పేరు ఇంకా ఎక్కలేదని వెనక్కి రాకండి, తల్లిదండ్రుల కార్డుతో పాటు జనన ధ్రువపత్రాన్ని చూపించి, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్రతో మాట్లాడండి. గుండె లోపమైతే తిరుపతిలో 2021లో ప్రారంభమైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం మనకు దగ్గర. వంకర పాదాలకు మొదటి వారాల్లోనే కట్లు మొదలుపెడితే చాలావరకు పెద్ద ఆపరేషన్ లేకుండానే సరవుతాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది లోపు బిడ్డకు మందులు, పరీక్షలు, రానుపోను బండి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. ఎక్కడైనా డబ్బులు అడిగితే ఆ పేరు చెప్పండి.

ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకూ ఈ దారి మూసేసి లేదు. డిశ్చార్జి కాగితంతో మీ పీహెచ్‌సీలో ఏఎన్ఎంను కలిసి పేరు చేర్పించండి. ఆరు వారాలు దాటాక ఆర్బీఎస్‌కే బృందం అంగన్‌వాడీకి వస్తుంది. ఏ తేదీన వస్తుందో అంగన్‌వాడీ టీచరును అడిగి తెలుసుకుని, ఆ రోజు బిడ్డతో పాటు పాత కాగితాలన్నీ తీసుకెళ్ళండి.